వలస పిట్ట ఈక, స్థానిక పురుగు రెక్క

1867కి ముందు న్యూజిలాండ్ నదుల్లో ట్రౌట్ చేప లేదు. ఇంగ్లండ్‌లో ‘నార్ఫోక్’ ఓడ ఎక్కిన గుడ్లు, నాచులో, మంచుగడ్డల మధ్య ప్రయాణించి 1864లో టాస్మేనియా చేరాయి. మూడేళ్ళ తర్వాత అక్కడి నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు కాంటర్‌బరీకి వచ్చాయి. పొలాల్లో పురుగులు తింటుందని వలసదారులు స్టార్లింగ్‌ను దింపుకున్నదీ ఆ 1860లలోనే. గోరింకల కుటుంబానికి చెందిన ఈ పిట్ట రెక్కే తర్వాత ట్రౌట్ గాలానికి పనికొచ్చింది.

ఈకలూ దారమూ చుట్టి గాలాన్ని పురుగులా అలంకరించి ‘ఫ్లై’ కట్టడం ఎప్పటిదో. అది మునగకుండా తేలాలన్న పట్టుదల మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ముదిరింది. తేలే ఫ్లైలు కట్టే పద్ధతి మీద ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో ఏకంగా పుస్తకమే వేశాడు.

రెక్క మీద ఇంత శ్రమ ఎందుకంటే, మేఫ్లై అనే పురుగు నీటి మీదికి వచ్చి పొర విడిచాక రెక్కలు నిటారుగా నిలిపి కాసేపు ప్రవాహంలో కొట్టుకొస్తుంది. నీటిలో కాంతి వంగుతుంది కాబట్టి, కింద కాచుకున్న చేపకు పురుగు ఒంటికన్నా ముందు రెక్క కొన కనబడుతుంది. ఆ రెక్క కట్టడానికి స్టార్లింగ్ కుడి రెక్క ఈక నుంచి ఒక పాయ, ఎడమ దాని నుంచి అంతే వెడల్పున మరో పాయ తీస్తారు. రెంటినీ జతచేసి గాలం మీద నిలిపి, రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి, దారాన్ని వదులుగా పైనుంచి తిప్పి తిన్నగా కిందికి లాగాలి. పక్కకు లాగారా, పోగులు విడిపోయి మెలిపడతాయి. చుట్టూ కోడిపుంజు మెడ ఈక చుడితే ఫ్లై తేలుతుంది.

చేపా పిట్టా పరాయివే అయినా మేఫ్లై మాత్రం న్యూజిలాండ్‌దే. అక్కడ ఉన్న దాదాపు 50 జాతుల్లో ఏదీ మరెక్కడా లేదు. ఇంగ్లండ్ నమూనాలతో సరిపెట్టుకోకుండా అక్కడివాళ్ళు కకాహి క్వీన్, ట్వైలైట్ బ్యూటీ లాంటివి సొంతంగా కట్టుకోవడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. మొదటిదానికి కింగ్ కంట్రీలోని కకాహి ఊరి పేరే పెట్టారు. స్థానిక పిట్టల ఈకలూ వాడకపోలేదు. నీటిలో మునిగే మటుకా ఎరను ఒకప్పుడు ‘మటుకు’ అనే కొంగ ఈకలతో కట్టేవారు. ఆ కొంగకు చట్టరక్షణ వచ్చాక కోడి ఈకలకు మారారు. మారడమే న్యాయం, ఆ కొంగ ఇప్పటికీ అంతరించే ప్రమాదంలోనే ఉంది.

ఒకటి రెండు చేపలు నోట పట్టేసరికి ఈక రెక్క చీలిపోతుంది. అందుకే చాలామంది సింథటిక్ పోగులతో కట్టే పారాషూట్ ఫ్లైలకు మళ్ళారు. సౌత్‌లాండ్‌లో మటౌరా నది నెమ్మదిగా సాగేచోట ట్రౌట్‌కు పురుగును పరీక్షగా చూసే తీరిక దొరుకుతుంది. అలాంటి నీళ్ళకు నేను స్టార్లింగ్ రెక్కే కడతాను, చీలితే ఇంకొకటి.