సంగిడి రాయి, నీలం రంగు

మా ఊళ్లో అమ్మవారి పండక్కి రామాలయం ముందు బలపరీక్షకు సంగిడి రాళ్లు దింపేవారు. పక్కనే ఉలవల బస్తా. నడుముకి తుండు బిగించి, అరచేతులకు మట్టి రాసుకుని ఒక్కొక్కడూ ముందుకొచ్చేవాడు. మాకు సాము నేర్పిన గురువుగారు బడి మొహం చూసిన మనిషి కాదు. ఆయన దగ్గర తిరుగులేని నియమం ఒకటుండేది. ఒకసారి ఎత్తినవాడు వెంటనే రెండోసారి రాయి ముట్టకూడదు. "చెరువుగట్టు మీద రావిచెట్టు దాకా నడిచి రా, నాయనా. అప్పుడు పట్టు" అనేవారు. ఆ మాట వినకుండా వంగినవాడికి రాయి మోకాలి దగ్గరే ఆగిపోవడం ఎన్నిసార్లు చూశానో! ఊపిరి సర్దుకున్నాక కూడా ఎందుకు ఆగాలి? విజయనగరం జిల్లా బడుల్లో ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినంత కాలమూ ఆ ప్రశ్న నాతోనే ఉంది.

మా వృత్తికి ఈ ప్రాంతంలో పెద్దదిక్కు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి ఇక్కడే డ్రిల్లు మాస్టారుగా చేశాడు. సర్కస్ పెట్టింది ఆ తర్వాతే. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచాడు, గుండె మీద ఏనుగును నిలుపుకున్నాడు. ఆయన కన్నుమూసింది 1942లో. జనానికి ఏనుగు గుర్తుండిపోయింది. నాకు మాత్రం ఆయన బళ్లో పిల్లల్ని వరసలో నిలబెట్టిన రోజులే ఎక్కువ విలువైనవి.

నా ప్రశ్నకు జవాబు గోదాలో దొరకలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర దొరికింది. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేస్తూ చదువు సాగించాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర ఆయనకు అప్పజెప్పిన పని శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టడం. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత నీలంగా మారే ఆ పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఇప్పటికీ దానికి వాళ్ల పేర్లే.

ఆ పద్ధతిలో కండ రసాన్ని పరీక్షిస్తే నీలం రంగు రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకొకరైతే కొలతలో పొరపాటు అనుకుని ఆ గొట్టం కడిగేసేవారు. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లం తగిలితే కొద్దికొద్దిగా విడిపోయి భాస్వరం వదిలే పదార్థమేదో కండలో ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని లోకానికి చెప్పారు. కండను పనిచేయిస్తే ఆ నిల్వ తరిగిపోయింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండింది. రెండేళ్లకు, కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కూడా వాళ్ల చేతికి చిక్కింది. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. అప్పటిదాకా కండ ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ ఆమ్లం పుట్టకుండా అడ్డుకున్నా కండ ముడుచుకుంటుందని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాడు.

ఇప్పుడు రాయి దగ్గరికి వస్తాను. కండలో రెండు రకాల సన్నని పోగులుంటాయి. ఒకటి మరొకదాన్ని పట్టి లాగుతుంది, వదులుతుంది, మళ్లీ పడుతుంది. పోగులు ముడుచుకోవు, ఒకదాని పక్కగా ఒకటి జారతాయని తేలింది 1954లో. పట్టు వదలాలంటే ఏటీపీ కావాలి. కండలో ఉన్న ఏటీపీ గట్టి పనికి రెండు మూడు సెకన్లకు మించి రాదు. దాన్ని అక్కడికక్కడే తిరిగి తయారుచేసేది ఫాస్ఫోక్రియాటిన్. అదీ పది సెకన్లలో చాలావరకు కరిగిపోతుంది. మళ్లీ సగం నిండడానికి అర నిమిషం, దాదాపు పూర్తిగా నిండడానికి కొన్ని నిమిషాలు. ఊపిరి నిమ్మళించడం వేరు, ఈ నిల్వ నిండడం వేరు. ఇవాళ జిమ్ముల్లో కుర్రాళ్లు క్రియాటిన్ పొడి నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. ఆ డబ్బా ఎవరి చేతిలో కనిపించినా నేను భీమవరం పేరు చెప్పకుండా వదలను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది వేసవి సెలవులు అయిన రోజునే పిల్లలచేత వంద బస్కీలు తీయించాను. మర్నాడు వాళ్లు మెట్లు ఎక్కగలిగారు గానీ దిగలేకపోయారు. కిందికి దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపుకోవాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడే పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. పది నుంచి మొదలుపెట్టి వారం వారం పెంచి ఉంటే ఆ పిల్లలకు ఏమీ అయ్యేది కాదు. మొదటి వారాల్లో పెరిగేది ఎక్కువగా నరాల నేర్పు. కండ లావెక్కడం ఆ తర్వాతి మాట. గురువుగారు కొత్తవాడికి నెలరోజులు రాయి ఇవ్వకపోవడానికి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

సంగిడి ఎత్తిన నేల మీదే తర్వాత బార్‌బెల్ లేచింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ ఎందరో లిఫ్టర్లను కన్నది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకుంది. వెయిట్‌లిఫ్టింగ్ నిబంధనల్లో ఒక మాట నాకెంతో ఇష్టం. మామూలుగా పిలుపు వచ్చాక ఒక నిమిషంలో ఎత్తాలి. ఎత్తిన మనిషే వెంటనే మళ్లీ ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు ఇస్తారు.

ఈమధ్య ఊరెళ్లాను. రావిచెట్టు ఉంది, చెరువులో నీళ్లు తగ్గాయి. రామాలయం ముందు నుంచి చెట్టు దాకా, చెట్టు నుంచి వెనక్కి, చేతి గడియారం చూసుకుంటూ గురువుగారు నడిపించిన దారినే నడిచాను. మూడు నిమిషాలు పట్టింది.