బుల్లెట్‌కు సోకులు: కంపెనీలోనా, మెకానిక్ దగ్గరా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో తెచ్చిన 'మేక్ ఇట్ యువర్స్'తో బండి బుక్ చేసేటప్పుడే రంగు, సీటు, అద్దాలు ఎంచుకోవచ్చు. ఖర్చు ఎక్కువే, కానీ ఆర్సీతో పేచీ రాదు.

మామూలు బండి కొని బయట మార్పిస్తే చవక. సీటు కవరు, గ్రిప్పుల దాకా పర్వాలేదు. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి. కుర్రాళ్ల మోజంతా సైలెన్సర్ మీదే, చిక్కూ అక్కడే. కంపెనీ ఇచ్చిన అసలు స్వరూపం మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం ఈ శిక్ష ఓనరుకు. నడిపేది కొడుకే అయినా, ఆర్సీ అబ్బా పేరున ఉంటే జవాబు చెప్పాల్సింది ఆయనే.