పాతకాలపు .22 రైఫిళ్ళ తూటాలు

.22 రైఫిల్ అనగా సుమారు 0.22 అంగుళముల (5.6 మి.మీ.) వ్యాసం గల గుండును పేల్చే చిన్న తుపాకీ. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట తయారైన ఈ రకపు రైఫిళ్ళు అనేకం నేటికీ, ముఖ్యంగా అమెరికాలో, సేకరణకర్తల వద్ద పనిచేసే స్థితిలో ఉన్నాయి. వీటికి తూటాను ఎంచుకొనడంలో పొరపాటు జరిగితే తుపాకీ పాడగుటే కాక, పేల్చే వ్యక్తి కంటికి గాయం కాగలదు. ".22" అనే అంకె ఒక్కటే అయినా ఆ అంకె గల తూటాలు పలు రకాలు. అవన్నీ ఒకదానికొకటి బదులుగా పనికిరావు.

తూటాల రకాలు

ఇవి రిమ్‌ఫైర్ తరగతికి చెందినవి. అనగా నిప్పు పుట్టించే మందు తొడుగు అడుగున మధ్యలో కాక, చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. తుపాకీ సూది ఆ అంచును నలిపినపుడు అది అంటుకుంటుంది. అంచు నలగవలెనంటే లోహం పలుచగా ఉండాలి. అందువలన ఈ తొడుగులు అధిక పీడనాన్ని తట్టుకోలేవు.

వీటిలో మొదటిది 1857లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ తన రివాల్వర్ కొరకు తెచ్చిన .22 షార్ట్. 1871లో .22 లాంగ్, 1887లో స్టీవెన్స్ సంస్థ ద్వారా .22 లాంగ్ రైఫిల్ వచ్చాయి. చివరి రెండింటి తొడుగుల పొడవు ఒకటే (సుమారు 15.6 మి.మీ.). అయితే లాంగ్ గుండు బరువు 29 గ్రెయిన్లు (1.9 గ్రాములు) కాగా, లాంగ్ రైఫిల్ గుండు బరువు 40 గ్రెయిన్లు (2.6 గ్రాములు). నేడు విరివిగా దొరికేది లాంగ్ రైఫిల్ మాత్రమే. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది: దుకాణంలో సులభంగా దొరికేది పాత తుపాకీకి సరిపడేదని అనుకొనరాదు.

వించెస్టర్ 1890 మోడల్

జాన్ బ్రౌనింగ్, ఆయన సోదరుడు మాథ్యూ రూపొందించిన ఈ రైఫిల్ 1890 నుండి తయారైంది. ముందున్న పిడిని వెనుకకు లాగి ముందుకు నెట్టితే తరువాతి తూటా లోనికి వస్తుంది. ఒక్కొక్క రైఫిల్ ఒకే రకపు తూటాకు తయారయ్యేది. షార్ట్, లాంగ్, .22 డబ్ల్యు.ఆర్.ఎఫ్. రకాలు మొదటినుండి ఉండగా, లాంగ్ రైఫిల్ రకం 1919లో చేరింది. ఏ తూటాకు తయారైనదో గొట్టంపై చెక్కి ఉంటుంది.

డబ్ల్యు.ఆర్.ఎఫ్. విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. దాని తొడుగు వ్యాసం సుమారు 6.1 మి.మీ., లాంగ్ రైఫిల్ తొడుగుది సుమారు 5.7 మి.మీ. కావున లాంగ్ రైఫిల్ తూటా ఆ రైఫిల్‌లోనికి వదులుగా దిగిపోతుంది. దిగింది గదా అని పేల్చినచో పలుచని తొడుగు ఉబ్బి, ప్రక్కన చీలి, వేడి వాయువు వెనుకకు చిమ్మగలదు. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ వ్యాసంలో డబ్ల్యు.ఆర్.ఎఫ్.ను పోలినదే గాని, పొడవులోను పీడనంలోను ఎక్కువ. డబ్ల్యు.ఆర్.ఎఫ్. తూటాను మాగ్నమ్ రైఫిల్‌లో వాడవచ్చును. మాగ్నమ్ తూటాను డబ్ల్యు.ఆర్.ఎఫ్. రైఫిల్‌లో ఎన్నడూ వాడరాదు.

వేగము, మందు

తొలినాటి రైఫిళ్ళు నల్లమందు తూటాల కొరకు, మెత్తని ఉక్కుతో తయారయ్యాయి. అధికవేగపు తూటాలు 1930 ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చాయి. సాధారణ వేగపు లాంగ్ రైఫిల్ గుండు సెకనుకు సుమారు 330 మీటర్లు పోగా, అధికవేగపుది సుమారు 380 మీటర్లు పోతుంది. పాత రైఫిల్ యంత్రభాగాలు త్వరగా అరిగిపోకుండుటకు సాధారణ వేగపు సీసపు గుండ్లు వాడడమే మేలు.

లాంగ్ రైఫిల్‌కు చేసిన గొట్టంలో షార్ట్ తూటా పేలుతుంది. కాని తూటా గది ముందుభాగంలో మసి వలయంగా పేరుకుని, తరువాత పొడవైన తొడుగు ఇరుక్కుంటుంది. పైగా షార్ట్ గొట్టాలలోని మెలికలు 20 నుండి 24 అంగుళాలకు ఒక చుట్టు కాగా, లాంగ్ రైఫిల్‌కు 16 అంగుళాలకు ఒక చుట్టు. అందుచేత గురి కూడా కొంత చెడుతుంది.

1920ల చివరి వరకు వచ్చిన తూటాలలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలగా మిగిలే ఉప్పు తేమను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. ఆ కాలపు పెట్టెలు దొరికితే దాచుకొనుటకే గాని పేల్చుటకు కావు.

పరీక్ష

గొట్టంపై గుర్తు అరిగిపోయినచో, లేదా ఎవరైనా తూటా గదిని తరువాత వెడల్పు చేసి ఉండవచ్చునని అనుమానం కలిగినచో, గది అచ్చు తీయవలెను. సెర్రోసేఫ్ అనే మిశ్రలోహం 70–88 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది గనుక, దానిని గదిలో పోసి, గట్టిపడిన అచ్చును కొలుస్తారు. ఇది అనుభవజ్ఞుడైన తుపాకీ మరమ్మతుదారు పని. మొదటగా పేల్చిన తొడుగును పరిశీలించడం కూడా ముఖ్యం. అది ఉబ్బినా, చీలినా, దానిపై మసిచారలు కనిపించినా పేల్చడం ఆపివేయాలి. తూటా లేకుండా పదేపదే మీటను నొక్కడం వలన సూది గది అంచును కొట్టి నొక్కు పడడం పాత రైఫిళ్ళలో తరచు కనిపించే లోపం. ఆ చోట అంచు సరిగా నలగక తూటా పేలదు.

భారతదేశంలో

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీకే కాక తూటాలకు కూడా లైసెన్సు అవసరం. ఎన్.సి.సి. శిక్షణలో విద్యార్థులు గురి నేర్చుకొనేది .22 రైఫిల్‌తోనే. అందువలన తెలుగునాట ఆయుధాలతో సంబంధం లేని అనేకులకు కూడా ఈ అంకె పరిచితమే.