మంజీర లోయలో గట్టు బాటలు

మెదక్ పట్టణానికి పడమటి దిక్కున మంజీర నది దిశ మార్చుకుంటుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, బీదర్ ప్రాంతం మీదుగా తూర్పు ముఖంగా వచ్చిన ఏరు ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది. నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం పొడవు 724 కిలోమీటర్లు. ఆ మలుపుకు అటూ ఇటూ వరి పొలాల నడుమ లారీలు, బస్సులు తిరగని మొరం బాటలు కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. సైకిల్ తొక్కేవాడికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. కానీ వీటిలో ఒక్కటి కూడా సైకిళ్ల కోసం వేసింది కాదు. నీటికి కాపలా కాయడానికి పడ్డ బాటలివి.

వీటి కథ ఘనపూర్ ఆనకట్టతో మొదలవుతుంది. కొల్చారం మండలంలో మంజీరకు అడ్డంగా ఈ కట్టను 1905లో కట్టారు. అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. కట్ట నుంచి రెండు కాలువలు తీశారు. మెదక్ వైపు పోయేది మహబూబ్‌నహర్, పాపన్నపేట వైపు పోయేది ఫతేనహర్. ఉర్దూలో నహర్ అంటేనే కాలువ. అంచేత ‘మహబూబ్‌నహర్ కాలువ’ అన్నప్పుడల్లా ఒకే మాటను రెండు భాషల్లో అన్నట్టు. ఊళ్లలో ఈ ఇబ్బంది లేదు, ఎంఎన్, ఎఫ్‌ఎన్ అని పొట్టిగా అనేస్తారు. మొదటిది సుమారు 43 కిలోమీటర్లు, రెండోది సుమారు 13 కిలోమీటర్లు. రెండింటి కింద 21 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. ఆనకట్టకు దగ్గర్లోనే నది ఏడు పాయలుగా చీలుతుంది. ఏడుపాయల వనదుర్గమ్మ గుడి అక్కడే. ఆ అమ్మవారి పేరు మీదే ఇప్పుడు ఆనకట్టను వనదుర్గా ప్రాజెక్టు అంటున్నారు.

కాలువ తవ్వితే బాట ఎట్లా వచ్చింది? తవ్విన మన్ను ఎక్కడో పోయాలి. దాన్ని ఇరువైపులా గట్లుగా పోస్తారు. ఒక గట్టును వెడల్పుగా ఉంచి, పైన మొరం పరిచి, రోలరుతోనో దిమ్మిసతోనో అణగ్గొడతారు. ఓవర్సీరు, షట్టర్లు చూసుకునే లష్కరు రోజూ తిరగాలంటే అది తప్పదు. గండి పడ్డా, తూము దగ్గర మట్టి కోసుకుపోయినా, రాత్రిపూట ఎవరో షట్టరు ఎత్తుకున్నా ముందుగా తెలిసేది గట్టు మీద తిరిగే మనిషికే. ఇక కాలువ వాలు సంగతి. నీరు తనంతట తాను పారాలి, అట్లాగని గట్టును కోసేంత వడిగా పారకూడదు. అందుకే వాలు కంటికి ఆననంత తక్కువగా పెడతారు. గుట్ట ఎదురైతే కాలువ ఎక్కదు, చుట్టూ తిరిగి పోతుంది. దాని పక్కనే సాగే బాటకూ అదే గుణం వచ్చింది. వంకరలు ఎక్కువ, ఎత్తుపల్లాలు తక్కువ. మూడు మైళ్ల దూరం ఐదు మైళ్లు అవుతుంది గానీ తొక్కేవాడికి ఎక్కడా ఆయాసం రాదు. బండ్లు ఇటు రాకపోవడానికి కారణం కూడా ఈ వంకరే. ఊరి నుంచి ఊరికి త్వరగా చేరాలనుకునే వాళ్లకు గట్టుతో పనిలేదు.

ఘనపూర్ తర్వాత ఈ చుట్టుపక్కల కట్టలు వరసగా వచ్చాయి. మెదక్‌కు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఆలేరు వాగు మీద పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. ఒకప్పుడు నిజాముల వేటస్థలమైన దాని చుట్టుపక్కల అడవి ఇప్పుడు అభయారణ్యం. దిగువన మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్‌లో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో ముగిసింది.

గట్టు మీదికి సైకిల్ ఎప్పుడెక్కిందో ఏ రికార్డూ చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ ఎవరికీ కలగలేదు. దేశంలోనే సైకిళ్లు విరివిగా తయారయింది స్వాతంత్ర్యం తర్వాత. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. నల్ల రంగు, రాడ్ బ్రేకులు, వెనక బలమైన క్యారియరు ఉన్న ఆ బండి పొలం పనికి సరిగ్గా అమరింది. క్యారియరుకు ఒకవైపు పాలక్యాను, మరోవైపు గడ్డిమోపు, హ్యాండిల్‌కు సద్దిగిన్నె. లష్కరుకైతే షట్టరు తిప్పే ఇనుప హ్యాండిల్ అదనం. మొరం గట్టు మీద వాన వెలిసిన గంటకే చక్రం సాగుతుంది. రేగడి పొలంలోకి దిగితే మాత్రం నాలుగు గజాలకే మన్ను టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. దిగి, తుమ్మపుల్లతో గీరి, మళ్లీ గట్టెక్కాలి. మొరం విలువ తెలిసేది అక్కడే.

నీటి పక్కన బాట అన్నది మెదక్‌కే ప్రత్యేకం కాదు. గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తీసిన పెద్ద కాలువల్లో పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఇంగ్లండులో ఆ పని గుర్రాలు చేసేవి. ఫ్రాన్సులో 1681లో తెరిచిన కెనాల్ దు మిది గట్లు కూడా అట్లాంటివే. 240 కిలోమీటర్ల ఆ కాలువ వెంట ఇప్పుడు సైకిళ్ల మీద యాత్రికులు తిరుగుతుంటారు. రైళ్లు, లారీలు వచ్చి పడవల బేరం పోయాక అక్కడ గట్లు ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీలోకి సైకిల్ వచ్చింది. ఇటలీలోని టస్కనీలో తెల్ల మట్టిరోడ్లను తారు నుంచి కాపాడుకోవడానికి 1997లో లెరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర మొదలుపెట్టారు. వెడల్పు టైర్లతో కంకర దారుల కోసమే చేసిన గ్రావెల్ సైకిల్ ఆ తర్వాతి ఫ్యాషన్. మంజీర గట్ల పరిస్థితి వేరు. ఇక్కడ గట్టు ఎన్నడూ ఖాళీ కాలేదు. దాని మొదటి పని ఇప్పటికీ సాగుతూనే ఉంది, సైకిల్ ఆ పనిలో ఒక పనిముట్టు మాత్రమే.

మార్పు రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఎగువన సింగూరు డ్యాం కట్టడంతో ఘనపూర్ కట్టకు నీరు పై నుంచి వదిలితేనే వచ్చే పరిస్థితి ఏర్పడింది. సింగూరు నీటిలో హైదరాబాద్ తాగునీటికీ వాటా ఉండటంతో కాలువకు నీళ్లు ఎప్పుడు, ఎన్ని తడులకు అన్నది రైతులకు ఏటేటా పేచీగానే మిగిలింది. నీరు రాని ఏడు గట్టును పట్టించుకునేవారు తగ్గుతారు. సర్కారు తుమ్మ కమ్మేస్తుంది, ముళ్లు ట్యూబులను బతకనివ్వవు. మరోవైపు ఆధునికీకరణలో కాలువకు సిమెంటు లైనింగ్ చేశారు. దానివల్ల నీటి నష్టం తగ్గుతుంది. ఇక ట్రాఫిక్ అంతా నర్సాపూర్ మీదుగా హైదరాబాద్‌కు పోయే 765డి జాతీయ రహదారి మీదికి చేరింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు 2022లో వచ్చింది. పెద్ద దారులు ఎంత వేగంగా తయారైతే గట్టు అంత నిమ్మళంగా మిగిలింది.

సరదాకు సైకిల్ తొక్కేవారి కోసమే హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. మెదక్ గట్లకు కప్పు లేదు, కంచె లేదు, టికెట్ లేదు. ఎదురుగా గొర్రెల మంద వస్తే సైకిల్ దిగి ఓ పక్కన నిలబడాలి. కోతల రోజుల్లో ధాన్యం ఆరబోసి ఉంటే చుట్టు తిరిగి పోవాలి, దానిమీద చక్రం పోనివ్వడం మర్యాద కాదు. బాటలు పొడిగా, గట్టిగా ఉండేది దసరా దాటాక. వానకాలంలో సింగూరు గేట్లెత్తితే మంజీర ఏడుపాయల గుడి ముంగిట్లోకి వచ్చి దర్శనాలు ఆగిపోతాయి. ఆ రోజుల్లో నది వైపు గట్ల మీదికి పోకూడదు.