మాట రాదా, బడి భాష రాదా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లా మస్తూరీ ప్రాంతంలో ఇళ్లలో ఎక్కువగా వినిపించేది ఛత్తీస్‌గఢీ. బడిలో పాఠం హిందీ. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పుర్‌లో తెలుగు మాట్లాడే రైల్వే కుటుంబాలూ ఉన్నాయి. ఇలాంటిచోట తరగతిలో నోరు మెదపని పిల్లవాడికి మాటల లోపం ఉందా, బడి భాషే ఇంకా పట్టుబడలేదా అన్నది ముందు తేలాలి.

తేల్చేది ఇంటి భాషే. ఇంట్లో గలగలా మాట్లాడుతూ హిందీలో మాత్రమే తడబడితే అది లోపం కాదు. ఇంటి భాషలోనూ వయసుకు తగ్గ వాక్యాలు కుదరకపోయినా, నత్తి వేధిస్తున్నా స్పీచ్ థెరపిస్టు చూడాలి. అంతకన్నా ముందు వినికిడి పరీక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జరిగే తనిఖీల్లో వినికిడి లోపం, మాటలు ఆలస్యం కావడం రెండూ ఉన్నాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం ఒకటి. చిక్కల్లా నిర్వచనంతోనే. శారీరక లేదా నాడీ సంబంధ కారణాలతో వచ్చిన శాశ్వత వైకల్యానికే అది పరిమితం. 17వ సెక్షన్ చెప్పిన పరీక్షలో అదనపు సమయం, రెండో, మూడో భాషల మినహాయింపు వంటివి ధ్రువపత్రం లేని పిల్లవాడికి అందడం కష్టం.

కాగితం లేకున్నా టీచరు చేయగలిగింది ఉంది. ప్రశ్న వేసి కాసేపు ఆగడం, నత్తి ఉన్న పిల్లవాడి వాక్యాన్ని తాను పూర్తి చేయకపోవడం. 'తుత్త' అంటే తప్పుపట్టకుండా 'అవును, కుక్కే' అనడం. అప్పజెప్పించే బదులు రాయమనడం, బొమ్మ చూపించమనడం. ఇంట్లోనూ హిందీయే మాట్లాడండన్న సలహా మాత్రం వద్దు. రెండు భాషల వల్ల లోపం పుట్టదు, ఒకటి మానేస్తే తగ్గదు.