సౌండు కార్డు, హెడ్‌సెట్టు: పుట్టుపూర్వోత్తరములు

కంప్యూటరు ఆటలయందు అభిరుచి గల యువకుడు, తాను కూడబెట్టిన సొమ్మును మేలైన హెడ్‌సెట్టునకు వెచ్చించుటా, లేక ప్రత్యేకముగా నొక సౌండు కార్డు కొనుటా యని, సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో దుకాణమునుండి దుకాణమునకు తిరుగుచు తర్జనభర్జన పడుట నేటికిని కలదు. ధరను, రూపమును, అట్టపెట్టెపై అచ్చువేసిన అంకెలను చూచి తేల్చుకొనదగిన విషయము కాదిది. ఈ రెండు వస్తువులును వేర్వేరు కొరతలను తీర్చుటకై వేర్వేరు కాలములందు పుట్టినవి. ఒకటి మూగయంత్రమునకు మాట నిచ్చుటకు పుట్టగా, రెండవది ఎక్కడినుండియో వచ్చు సన్నని ధ్వనిని చెవికి చేర్చుటకు పుట్టినది. కాలక్రమమున మొదటిది తన పనుల నొక్కటొక్కటిగా ఇతరుల కప్పగించుచు రాగా, రెండవది తనవి కాని పనులను గూడ తలకెత్తుకొనుచు వచ్చెను. ఆ వృత్తాంత మెరిగినవానికి ఈ కొనుగోలు ఏమంత చిక్కుకాదు.

రెండింటిలో వయసున పెద్దది హెడ్‌ఫోను. అమెరికాలోని యూటా రాష్ట్రవాసియైన నతానియెల్ బాల్డ్విన్ 1910 ప్రాంతమున తన వంటయింటిలో కూర్చుండి చేసిన యొక జతను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. దానివెంట వచ్చిన, ఊదాసిరాతో వ్రాసిన యుత్తరమును జూచి అంతగా లక్ష్యపెట్టని అధికారులు, పరీక్షించిన పిమ్మట దాని శక్తికి విస్మితులై మరికొన్ని కావలెనని కోరగా, వంటయింటిలో చేయుచున్నవాడను గనుక పదింటికి మించి ఒక్కసారి ఈయజాలనని అతడు బదులు వ్రాసెను. రేడియో తరంగములలో కొట్టుకొని వచ్చు క్షీణమైన సంకేతములను పట్టుకొనుటయే ఆనాటి దాని ప్రయోజనము. 1937లో బెర్లినునందు యూజెన్ బేయర్ తయారుచేసిన డీటీ 48 తో, అయస్కాంతము నడుమ కదలాడు తీగచుట్టచే పలుచని పొరను కంపింపజేయు పద్ధతి చెవికడకు వచ్చెను. నేడు మనము ధరించు హెడ్‌సెట్లలో అధికభాగము ఆ సూత్రముమీదనే పనిచేయుచున్నవి. 1958లో మిల్వాకీ నగరమున జాన్ కాస్ తన గ్రామఫోను యంత్రమును ప్రదర్శింపబోగా, జనులు యంత్రమును విడిచి దానికి తగిలించిన స్టీరియో హెడ్‌ఫోనుల చుట్టును మూగిరట. నోటియొద్ద మైకు నిలిపిన తేలిక హెడ్‌సెట్టు, 1961లో విమానచోదకుల కొరకు ఆరంభమైన ప్లాంట్రానిక్స్ సంస్థ కృషి ఫలము. 1969లో చంద్రునిమీదినుండి ఆర్మ్‌స్ట్రాంగు పలికిన పలుకులు ఆ సంస్థవారి హెడ్‌సెట్టుద్వారానే భూమికి చేరెను.

ఇంతటి చరిత్ర గల హెడ్‌ఫోనునకు గృహకంప్యూటరునుండి వినదగినది చిరకాలము ఏమియు లేకుండెను. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో చిన్న స్పీకరొకటి, దానిని మ్రోగించుటకు గడియారపు పని చేయు చిప్పొకటి ఉండెను. ఆ స్పీకరునకు విద్యుత్తు అందుట, అందకుండుట యను రెండు స్థితులే గాని నడుమ మెట్లు లేవు. ఒక సమయమున ఒకే స్వరము, అదియును కీచుమను స్వరము. స్వరము హెచ్చును, తగ్గును. బిగ్గరగా మ్రోగుట, మెల్లగా మ్రోగుట దానికి తెలియవు. నేర్పరులైన ప్రోగ్రామర్లు ఆ రెండు స్థితులనే మిక్కిలి వేగముగా మార్చి, మనుష్యకంఠమును బోలిన ధ్వనిని పలికించిరనుట వారి ప్రతిభకు సాక్ష్యము. ఐనను ఉద్యోగశాలలో లెక్కలు వేయుటకై నిర్మింపబడిన యంత్రమది. దానికి సంగీత మక్కరయని నిర్మాతలు తలపరైరి.

ఆ కొరత తీర్చిన విద్య సంగీతశాలనుండియే వచ్చెను. స్వరకర్తయైన జాన్ చౌనింగ్ 1967లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున, ఒక స్వరపు కంపనవేగమును మరియొక స్వరముచేత అతిశీఘ్రముగా కదలించినచో గంటలను, బాకాలను, తీగవాద్యములను బోలు నాదములు పుట్టునని కనుగొనెను. జపానులోని యమాహా సంస్థ ఆ పద్ధతిని వాడుకొను హక్కును పొంది, 1983లో డీఎక్స్7 అను వాద్యమును వెలయించి, పిదప అదే సూత్రమును చౌక చిప్పులలో గూడ పొదిగెను. అట్టి చిప్పులలో నొకటియైన వైఎం 3812 ను గ్రహించి, కెనడాలోని క్విబెకు నగరమున, లావల్ విశ్వవిద్యాలయమున సంగీతాచార్యుడుగా నుండిన మార్టిన్ ప్రెవెల్ 1987లో ఆడ్‌లిబ్ కార్డును వెలువరించెను. తొమ్మిది స్వరములను ఏకకాలమున పలికింపగల ఆ కార్డు, తెరపై స్వరములు కూర్చుకొను సాధనముతో కలసి, సంగీతాభ్యాసకులను ఉద్దేశించి వచ్చినది. దానికి భాగ్యోదయము మాత్రము ఆటలవలన కలిగెను. సియెరా సంస్థవారు 1988లో కింగ్స్ క్వెస్టు నాలుగవ భాగమునకు చలనచిత్ర, టెలివిజను సంగీతకర్తయైన విలియం గోల్డ్‌స్టీనుచేత బాణీలు కట్టించి, సౌండు కార్డులను గుర్తెరుగునట్లు ఆ ఆటను రచించిరి. కార్డు లేని యింట కీచుమనియు, కార్డు గల యింట వాద్యబృందమువలెను వినబడు నాటను చూచినవారికి, వేరుగ ప్రచార మవసరము లేకపోయెను.

తరువాతి ఘట్టము సింగపూరునందు. న్గీ ఆన్ పాలిటెక్నికులో చదువుకొనుచు మౌత్ ఆర్గాను వాయించిన సిమ్ వాంగ్ హూ, 1981లో తన సహాధ్యాయి న్గ్ కై వా తో కలసి క్రియేటివ్ టెక్నాలజీ అను చిన్న దుకాణమును స్థాపించెను. వారు చేసిన మాటలాడు కంప్యూటరు విపణిలో నిలువలేదు. తొలి సంగీతపు కార్డు ఆడ్‌లిబ్బు నెదిరింపలేకపోయెను. 1989లో వెలువడిన సౌండ్ బ్లాస్టరు మాత్రము ఆ రెండు పరాజయములనుండి నేర్చిన బుద్ధితో రచింపబడినది. ఆడ్‌లిబ్బులోని యమాహా చిప్పునే ఇందును పెట్టుటచే, ఆ కార్డుకై వ్రాసిన ఆటలన్నియు దీనియందును మ్రోగెను. దానిపై, తుపాకి చప్పుడును మనుష్యుని కేకయు ముద్రించినది ముద్రించినట్లు వినిపించు డిజిటల్ ధ్వనిమార్గమొకటి చేరెను. అన్నింటికంటె గడుసుతనము, దాని వెనుకవైపు రేకుపట్టీని పరిశీలించినచో తెలియును: బొటనవ్రేలితో త్రిప్పు ధ్వనిచక్రము, మైకు రంధ్రము, స్పీకరు రంధ్రము, వాని ప్రక్కనే జాయ్‌స్టిక్కు తగిలించు పదునైదు సూదుల గుంట. జాయ్‌స్టిక్కు కొరకు వేరొక కార్డు కొనవలసిన ఆ దినములలో, ఒకే స్లాటున రెండు పనులు నెరవేర్చిన ఈ వస్తువు గెలుచుట న్యాయమే.

ఆ తరమువారికి సౌండు కార్డు కేవలము కొని తగిలించు వస్తువు కాదు. ఆరంభపు ఫైలులో బ్లాస్టరు అను పేరు ప్రక్కన ఎ220, ఐ5, డి1 అని వ్రాయనిదే ఆటకు గొంతు పెగలెడిది కాదు. కార్డు ఏ చిరునామాయందున్నదో, ఏ దారిన ప్రాసెసరును పిలుచునో తెలుపు గుర్తు లవి. రెండు కార్డులు ఒకే దారిని కోరినచో యంత్రము నిలిచిపోవుటయు కలదు. 1992 నాటి సౌండ్ బ్లాస్టరు 16, సీడీతో సమానమైన పదునారు బిట్ల ధ్వనిని ఇంటింటికి తెచ్చెను.

ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైనది 1990ల చివరి భాగము. కార్డును హెడ్‌ఫోనును తొలిసారి ఒకదాని నొకటి నిజముగా ఆశ్రయించిన కాలమది. కుడివైపున పుట్టిన చప్పుడు ఎడమచెవిని చేరుటకు సెకనులో వెయ్యవవంతునకు లోబడిన ఆలస్యమగును. తల అడ్డువచ్చుటచే కొంత క్షీణించును. మందస్వరముల దిక్కును కాలభేదముచేతను, తారస్వరముల దిక్కును బలభేదముచేతను మనస్సు పోల్చుకొనునని లార్డ్ రేలీ 1907లోనే వివరించెను. క్రిందు, మీదు, వెనుక యను భేదములను చెవిదొప్ప మడతలు తెలుపును. ఈ భేదములనే కార్డు లెక్కగట్టి, హెడ్‌ఫోను రెండు చెవులకు వేర్వేరుగా అందించినచో, ఆటలోని శత్రువు ఏ గోడ వెనుక నడచుచున్నాడో కన్నులు మూసికొనియు చెప్పవచ్చును. ఆరియల్ సంస్థ రచించిన ఎ3డి పద్ధతి ఇంకొక అడుగు ముందునకు వేసి, ఆటలోని గోడలను గైకొని వానినుండి మరలివచ్చు ప్రతిధ్వనులను గూడ గణించెను. క్రియేటివ్ వారి 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్ దానికి పోటీ. పేటెంటు వ్యాజ్యమున ఆరియల్ పక్షమే నెగ్గెను గాని, వ్యయభారముచే దివాలా తీయగా, 2000లో దాని ఆస్తిని ప్రత్యర్థియే కొనెను. అంతటి విద్య మరుగుపడుట ఆటల శ్రవణకళకు తీరని లోటని నా దృఢాభిప్రాయము.

సౌండు కార్డు పతనము దిగువనుండి ఆరంభమయ్యెను. 1997లో ఇంటెల్ ప్రకటించిన ఎ.సి. 97 ప్రమాణముచే సామాన్యమైన ధ్వనిచిప్పు మదర్‌బోర్డుమీదికే వచ్చెను. 2004లో వచ్చిన హై డెఫినిషన్ ఆడియో దానిని మెరుగుపరచెను. తొలినాళ్ల బోర్డుధ్వనిలో బుసబుస శబ్దములుండినమాట నిజము. క్రమముగా రియల్‌టెక్ వంటివారి చిప్పులు మంచివై, బోర్డుమీద ధ్వనిభాగమును సన్నని గీతచే వేరుపరచి, ఇతర భాగముల విద్యుత్తు దానిలో చొరకుండ కాపాడుట అలవాటయ్యెను. తుదిదెబ్బ 2007లో విండోస్ విస్టా కొట్టినది: ధ్వనుల కలయికను సాఫ్టువేరే చేయునట్లు మార్చుటచే, ఆటలు సౌండు కార్డునకు నేరుగా పని యప్పగించు పాతదారి మూతపడెను. దిక్కుల గణితమును నేడు ఆటలో, విండోసులో ప్రాసెసరే నిర్వహించుచున్నది.

ఇక సౌండు కార్డునకు మిగిలినవి అంకెలను విద్యుత్తరంగముగా మార్చుట, ఆ తరంగమునకు బలమిచ్చుట యను రెండు పనులు. యూఎస్‌బీ హెడ్‌సెట్టు ఆ రెండింటిని తనలోనే ఇముడ్చుకొన్నది. కొనువారు మొదట గ్రహింపవలసిన విషయ మిదియే. యూఎస్‌బీ హెడ్‌సెట్టును, సౌండు కార్డును రెండును కొనినచో కార్డు ఊరక కూర్చుండును, ఏలయన ధ్వని దానిగుండ పోనే పోదు. కార్డువలన ఫలము 3.5 మిల్లీమీటర్ల జాక్ గల హెడ్‌సెట్టునకే. పెట్టెపై అన్ని దిక్కుల ధ్వనిని సూచించు 7.1 అను అంకె యుండినను అధికభాగము హెడ్‌సెట్లలో చెవికొక్క స్పీకరే యుండునని, తక్కినది గణితమేయని గూడ ఎరుగవలెను.

కావున, చౌక హెడ్‌సెట్టు గలవాడు ముందుగా హెడ్‌సెట్టునే మార్చవలెను. తుదకు గాలిని కదలించునది అందలి పొరయే. ఆ పొర సన్నని యడుగుల చప్పుడును ప్రేలుడు మ్రోతలో కలిపివేయుచున్నప్పుడు, ఎంత విలువగల కార్డైనను దానిని విడదీయజాలదు. తలపట్టీ ఒత్తిడి, చెవిమెత్తల వెడల్పు, మైకు స్పష్టత, ఇవన్నియు కార్డు ఇయ్యలేని సౌఖ్యములు.

కార్డు కొనదగిన సందర్భములు రెండు. మౌసును కదపినంతనే, లేదా ఆట ఆరంభమై గ్రాఫిక్సు కార్డు పనిలోనికి దిగినంతనే, చెవిలో సన్నని గీపెట్టు వినవచ్చినచో, అది పెట్టె లోపలి విద్యుత్కల్లోలము. మిత్రుని హెడ్‌సెట్టును అదే రంధ్రమున పెట్టి చూడగా అదే గీపెట్టు వినబడినచో దోషము బోర్డుదేయని స్థిరపడును. అప్పుడుగూడ లోపల మరియొక కార్డును బిగించుటకంటె, పెట్టె వెలుపల నుండు చిన్న యూఎస్‌బీ పరికరము మేలు. సౌండ్ బ్లాస్టరు పేరిటనే నేడు అట్టివి పెక్కు వచ్చుచున్నవి. రెండవది, స్టూడియోలలో వాడు అధికనిరోధపు హెడ్‌ఫోను కొనినప్పుడు. సామాన్య హెడ్‌సెట్లు 32 ఓముల చెంతనుండగా, బేయర్‌డైనమిక్ డీటీ 990 వంటిది 250 ఓములలోను దొరకును. ఒకే వోల్టేజివద్ద దానికి అందు శక్తి మొదటిదానికి అందుదానిలో సుమారు ఎనిమిదవ వంతు. బోర్డు రంధ్రమున పెట్టి ధ్వనిని కడవరకు హెచ్చించియు చాలకున్నప్పుడు, బలము గల యాంప్లిఫయరుతో కూడిన పరికరమును కొనుట వ్యర్థవ్యయము కానేరదు.