కుక్కకు కూడు పెట్టేదెవరు?

నన్నయ భారతంలో తొలి ఫిర్యాదుల్లో ఒకటి ఒక తల్లికుక్కది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట ఆడుకుంటున్న సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు కొట్టారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్ళింది. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని అడిగింది. మంచిచెడులు చూడకుండా బలహీనులను హింసించేవాళ్ళకు అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోయింది. మేం చదువుకున్నప్పుడు ఈ ఘట్టంలో మాకు నేర్పింది పద్యం నడక, నీతి. అడిగింది ఒక తల్లి అన్న సంగతి మీద తరగతిలో ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. పరిశోధన పూర్తయిన చాలా ఏళ్ళకు, కోదాడలో మా అమ్మ పెంచుతున్న లచ్చిని చూస్తుంటే ఆ ఘట్టం మళ్ళీ గుర్తొచ్చింది.

పెంపుడు జంతువుల చరిత్ర రాసేవాళ్ళు రాజుల వేటకుక్కల గురించి, తెల్లదొరల బంగళాల్లోని జాతికుక్కల గురించి రాస్తారు. పెరట్లో చిప్పలో ఇంత అన్నం వేసి పిలిచిన చేయి ఆ చరిత్రలో కనబడదు. మన దగ్గర కుక్కను తెచ్చేది మగవాళ్ళో పిల్లలో, సాకేది మాత్రం ఆడవాళ్ళు. ఇంటిచాకిరీ లెక్కల్లోకే రాని ఈ దేశంలో కుక్కచాకిరీ లెక్క అడిగేదెవరు?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథనే తీసుకోండి. ఎలుకలు పెరిగాయని రాయలు ఇంటికో పిల్లిని, దాని పాలకోసం ఆవును ఇచ్చాడట. రామకృష్ణుడు మొదటిరోజే కాగిన పాలు పెట్టాడు. నోరు కాలిన పిల్లి మళ్ళీ పాలవైపు చూడలేదు, ఆవుపాలన్నీ ఆయన ఇంట్లోవాళ్ళకే మిగిలాయి. తరతరాలుగా ఆ తెలివికి నవ్వుతూనే ఉన్నాం. కాలిన నోటి గురించి కథలో ఒక్క మాట లేదు. (పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మాంసాహారం లేకపోతే అవి బతకలేవు అన్నది వేరే సంగతి. పెరుగన్నంతో పిల్లిని సాకుతున్నామనుకునే ఇళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి.)

1996లో నాకు ఎనిమిదేళ్ళు. పక్కింటి కుక్క నా పిక్క పట్టుకుంది. అది వీధికుక్క కాదు, రాత్రింబవళ్ళు మూరెడు గొలుసుతో కట్టేసి ఉంచే పెంపుడు కుక్క, ఆరోజు గొలుసు తెంచుకుంది. ఇంట్లోవాళ్ళు గాయానికి పసుపూ కారం అద్దారు. సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడగాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మా ఊళ్ళో మందు లేదన్నారు. పెద్దాసుపత్రిలో రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. అవి నాట్లరోజులు. సాగర్ ఎడమకాలవ నీళ్ళు వదిలారు, కూలి దొరికే కాలం. పద్నాలుగు రోజులు అమ్మ కూలి మానుకుని నన్ను బస్సులో తిప్పింది. ఆ కుక్క యజమాని ఒక్కసారి పలకరించిపోయాడు. "అన్నం పెట్టి మప్పింది నువ్వే కదా" అని మా నాయనమ్మ తిట్టింది కూడా అమ్మనే. ఆకలేస్తోందని గోడమీంచి దానికి ముద్ద వేసేది మరి.

ఆ పద్నాలుగు సూదుల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1885లో పారిస్‌లో పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేశాడు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలిలో గొర్రె మెదడునుంచి ఒక టీకా తయారుచేశాడు. నా పొట్టలోకి ఎక్కింది ఆ కోవకు చెందినదే. కొందరిలో అది పక్షవాతం తెస్తుందని తెలిసినా మన దేశం దాన్ని 2004 చివరిదాకా వదల్లేదు. అంతకు చాలాముందే మెరుగైన టీకా వచ్చింది, డబ్బున్నవాళ్ళు కొనుక్కున్నారు. సర్కారు దవాఖానా మెట్లెక్కినవాళ్ళకు మాత్రం గొర్రె మెదడే. ఇప్పుడు భుజానికి నాలుగైదు సూదులతో సరిపోతుంది. లోతైన గాయమైతే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయించుకోవాలి. అసలు కుక్కకే మూడు నెలల వయసులో టీకా వేయించి, ఏటా మళ్ళీ వేయిస్తే ఇంత దూరం రాదు.

మన దేశంలో జంతువుల పట్ల బాధ్యతను చట్టంగా అడిగింది ఒక స్త్రీ. రుక్మిణీదేవి అరండేల్ అనగానే మనకు భరతనాట్యం, కళాక్షేత్ర గుర్తొస్తాయి. రాజ్యసభ సభ్యురాలిగా 1953లో ఆమె జంతుహింస నివారణ కోసం బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని వెనక్కు తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. 1962లో ఏర్పడ్డ జంతుసంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టంలోని 11వ సెక్షను చదువుతుంటే నాకు పక్కింటి గొలుసు కనిపించింది. మరీ పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టెయ్యడం నేరం. కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం నేరం. తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం, కారణం లేకుండా వదిలెయ్యడం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఇదే సెక్షను వీధికుక్కలను చంపడానికి మినహాయింపు కూడా ఇచ్చింది. చంపడం మాని, ఆపరేషన్ చేసి టీకా వేసి తిరిగి వదలాలన్న నియమాలు 2001లో గానీ రాలేదు.

ఆపరేషన్ అన్న మాట దగ్గరే నాకూ అమ్మకూ పేచీ వచ్చింది. లచ్చి మాకు కాలవగట్టున దొరికింది. ఆ ఈతలో మగపిల్లల్ని ఎవరో ఎంచుకుని తీసుకుపోయారు, ఆడపిల్లలు మూడూ గట్టుమీద మిగిలాయి. ఎందుకు వదిలేశారో ఈ పత్రిక పాఠకులకు నేను వివరించక్కర్లేదు. ఆర్నెల్లు దాటాక ఆపరేషన్ చేయిద్దామన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"నన్నూ ఇట్లనే తీస్కపోయిన్రు. లారీల ఎక్కిచ్చి, బడిల వరసగ పండబెట్టిన్రు. మీ నాయన్ను ఎవరన్న అడిగిన్రా? దాన్ని గూడ అడగవు నువ్వు."

నా దగ్గర జవాబు లేదు. తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సగానికి పైగా ఆ బల్లమీద పడుకున్నవాళ్ళే, మగవాళ్ళ లెక్క వేళ్ళమీద తేలుతుంది. అడగడానికి వీల్లేని జీవి తరఫున నిర్ణయించడమూ, అడగవలసిన మనిషిని అడక్కుండా నిర్ణయించడమూ ఒకటి కాదని నాకు తెలుసు. అమ్మతో ఆ తేడా వాదించి గెలవాలనిపించలేదు. నెల తర్వాత తనే అంది, "ఈనితే ఆ పిల్లల్నీ గట్టుమీదనే ఏస్తరు. పోదాం పా." ఆపరేషన్ తర్వాత పదిరోజులూ కుట్లు నాక్కోకుండా రాత్రుళ్ళు కాపలా ఉంది కూడా అమ్మే. ఒకరోజు ఒళ్ళు వెచ్చగా ఉందని తన జ్వరంబిళ్ళ చిదిమి పెట్టబోతుంటే ఆపాను. మన పారాసెటమాల్ కుక్కలకు ప్రమాదం, పిల్లులకైతే ఒక్క బిళ్ళే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు ఉల్లిపాయలు వేయకముందే లచ్చి వాటా అన్నం, గుడ్డు పక్కకు తీస్తుంది. రేషన్‌కార్డు పెట్టే డబ్బాలోనే టీకా కార్డూ ఉంది. మొన్న తీసి చూస్తే యజమాని అన్న గడిలో నాన్న పేరుంది. "నీ పేరెందుకు చెప్పలేదే?" అన్నాను. "అడగలే. ఆయన పేరే రాస్కున్నరు" అంది. వచ్చే టీకా సెప్టెంబరులో. అప్పుడు మార్పిస్తానంది.